తీగ కాగితే స్వరం పండునా?

కొత్త దోసెపెనం మీద మొదటి దోసె లేవదు. పెనం పదును పడే దాకా నాలుగు దోసెలు పాడైనా ఇల్లాలు విసుగు చెందదు. కొత్త కుండను నానబెట్టనిదే పొయ్యి మీదికి ఎక్కించరు. కొత్త చెప్పు కరవక మానదు. వస్తువు కొన్ననాటి కంటె కొంతకాలం వాడిన పిమ్మటనే మెరుగవుతుందన్న నమ్మకం మన ఇండ్లలో ఇంత గట్టిగా పాతుకొని ఉండగా, వేలకు వేలు పోసి కొన్న హెడ్‌ఫోనుకు మాత్రం ఆ నియమం వర్తించదని ఎవరు అనగలరు?

శ్రోతల ఉత్తరాలలో ఈ ప్రశ్న మాకు తరచుగా ఎదురవుతున్నది. ఖరీదైన హెడ్‌ఫోనును, దాని తీగను కొన్న వెంటనే విని తీర్పు చెప్పకూడదట. ఒక పక్కన పెట్టి నూరు గంటలో, రెండువందల గంటలో, మూడువందల గంటలో ఎడతెగకుండా మ్రోగించాలట. అందుకు సంగీతమే అక్కరలేదు. పింక్ నాయిజ్ అనబడే, రేకుల కప్పు మీద వాన హోరు వంటి రొద చాలునట. అట్లు మ్రోగిన పిమ్మట మంద్రం నిండుగాను, తారం మృదువుగాను పలుకుతుందట. ఈ ప్రక్రియకు బర్న్-ఇన్ అని పేరు. మన మాటలో కాగబెట్టుట అనవచ్చు. ఉత్త తీగలను కాగబెట్టుటకే ప్రత్యేకంగా చేసిన యంత్రాలు కూడ విదేశాలలో అమ్ముడుపోతున్నవి. తీగలు వండే పొయ్యి అని అర్థం వచ్చే పేరుతో అక్కడివారు వాటిని పిలుస్తారు. అది వేళాకోళానికి పెట్టిన పేరు కాదు.

ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఉత్తరం మమ్ము ఈ ప్రసంగానికి పురికొల్పినది. పదవీ విరమణ నాడు చేతికి వచ్చిన సొమ్ములో కొంత వెచ్చించి, పాత కచేరీల రికార్డులు వినుటకై ఆయన ఒక మేలైన హెడ్‌ఫోను కొన్నారు. మొదటి నాడే ఎడమ చెవిలో మృదంగం సన్నగా వినిపించినది. అమ్మినవారిని అడిగితే, "ఇంకా కాగలేదండీ మాస్టారూ, మూడువందల గంటలు ఆగండి" అన్నారట. ఆయన ఆగినారు. మూడువందల గంటలు నిండేసరికి సరుకు వాపసు ఇచ్చే గడువు దాటిపోయినది. మృదంగం మాత్రం సన్నగానే ఉన్నది. "లోపం యంత్రంలో ఉన్నదా, అరవై ఏండ్లు దాటిన నా చెవిలో ఉన్నదా?" అని ఆయన వ్రాసినారు. ఆయనకు జవాబు చెప్పుటకు ముందు, ఈ నమ్మకం ఎక్కడ పుట్టి ఏ దారిన ఇక్కడికి వచ్చినదో తెలుసుకొనదలచినాము.

కాగబెట్టుట అన్న మాట మొదట సంగీతప్రియులది కాదు, కార్ఖానాలది. వాల్వుల కాలంలో ప్రతి తయారీదారుకూ ఒక అనుభవం ఉండేది. కొత్త సరుకులో లోపం దాగి ఉన్న వాల్వులు మొదటి కొన్ని గంటలలోనే మాడిపోయేవి. ఆ గండం గడిచినవి ఏండ్ల తరబడి వెలిగేవి. మన జాతకాలలో బాలారిష్టం అంటారే, అదే ఇది. అందువలన వాల్వులను బజారుకు పంపక ముందే కొంతకాలం వెలిగించి ఉంచేవారు. లోపల క్యాథోడునుండి వెలువడే ఎలెక్ట్రానుల ధార ఆ మొదటి గంటలలోనే నిలకడకు వస్తుందన్నది కూడ సత్యమే. కాని ముఖ్యోద్దేశం మంచిదానిని ఇంకా మంచిదిగా చేయుట కాదు, చెడ్డదానిని ముందుగానే ఏరి పారవేయుట. ఈ భేదాన్ని శ్రోతలు జ్ఞాపకం ఉంచుకొనవలెను. తరువాతి కథ అంతా ఈ భేదం మరుగున పడుటవలననే జరిగినది.

వాల్వులను ఎడతెగకుండా వెలిగించి ఉంచుటలోని మేలును బాగుగా గ్రహించినవారిలో బ్రిటిష్ పోస్టాఫీసు ఇంజినీరు టామీ ఫ్లవర్స్ ఒకరు. 1943లో శత్రువుల రహస్యలిపిని విప్పుటకు వేయికి పైబడిన వాల్వులతో యంత్రం నిర్మిస్తానని ఆయన చెప్పినప్పుడు పెద్దలు పలువురు నమ్మలేదు. అన్ని వాల్వులలో ఏదో ఒకటి గడియకొకసారి పోక తప్పదని వారి వాదం. టెలిఫోను ఎక్స్చేంజీలలో పనిచేసిన ఫ్లవర్స్‌కు వేరొక సంగతి తెలుసు: వాల్వు వెలుగుచున్నప్పుడు కాదు, మాటిమాటికి ఆర్పి వెలిగించినప్పుడు చెడిపోతుంది. 1944 ఆరంభంలో బ్లెచ్‌లీ పార్కులో కొలోసస్ అనే ఆ యంత్రం పని ప్రారంభించినది. 1946లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో లోకానికి చూపిన ఎనియాక్ గణనయంత్రంలో సుమారు 18,000 వాల్వులు ఉండేవి. వేడెక్కునప్పుడు, చల్లారునప్పుడు అవి పోతున్నవని గ్రహించి దానిని కూడ ఆర్పకుండా ఉంచసాగినారు. రేడియో కేంద్రాలలో పనిచేసిన మా పెద్దలు కూడ రికార్డింగుకు చాల ముందుగానే యంత్రాలను వెలిగించి ఉంచేవారు. "యంత్రం కాగిందా?" అన్నది వారికి నిత్యం వినవచ్చే మాట. హెడ్‌ఫోను కాగాలి అన్నప్పుడు మన చెవికి అది వింతగా తోచకపోవుటకు ఈ పాత అలవాటు కూడ ఒక కారణం కావచ్చు.

ఇక తీగ సంగతి. తీగ స్వభావం గురించి మొదటి పెద్ద తగవు సంగీతం కొరకు జరుగలేదు, సముద్రగర్భంలో జరిగినది. 1858 ఆగస్టులో అట్లాంటిక్ మహాసముద్రం అడుగున ఐర్లాండునుండి న్యూఫౌండ్లాండు వరకు టెలిగ్రాఫు తీగ పరచినారు. విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం ఆవలి ఒడ్డు చేరుటకు సుమారు 16 గంటలు పట్టినది. ఆ కంపెనీ విద్యుత్ నిపుణుడు వైల్డ్‌మన్ వైట్‌హౌస్ వృత్తిచేత వైద్యుడు. సంకేతం మందగించినదంటే తీగకు ఇంకా బలమైన విద్యుత్తు ఎక్కించవలెనని ఆయన నమ్మకం. రెండువేల వోల్టుల వరకు ఎక్కించినాడు. విలియం థామ్సన్ అనే గణితజ్ఞుడు, అనగా తరువాతి లార్డ్ కెల్విన్, అది తప్పని, సున్నితమైన గ్రాహకంతో స్వల్ప విద్యుత్తునే చదువవలెనని వాదించినాడు. అసలే బలహీనమైన ఆ తీగ సెప్టెంబరు వచ్చేసరికి మూగవోయినది. తీగను బలవంతంగా లొంగదీయవచ్చునన్న ఊహకు అంత మొత్తం వెల చెల్లించిన సందర్భం మరొకటి మాకు స్ఫురించడం లేదు.

థామ్సన్ మొదలిడిన గణితాన్ని 1880లలో ఆలివర్ హెవిసైడ్ పూర్తిచేసినాడు. తీగలో సంకేతం ఎట్లు ప్రయాణం చేస్తుందో నిర్ణయించేవి నాలుగే: నిరోధం, ప్రేరకత్వం, ధారిత, పైపూత గుండా కారిపోయే విద్యుత్తు. తీగ వేల మైళ్ళదైతే ఈ నాలుగూ కలిసి సంకేతాన్ని అలికివేయగలవు. మరి గజం పొడవున్న హెడ్‌ఫోను తీగలో? శ్రోతలు ఒక చిన్న లెక్కకు ఓర్చుకొనవలెను. అటువంటి తీగకు మీటరుకు నూరు పికోఫారడుల ధారిత ఉన్నదనుకొందాము. దానిని నడిపే యంత్రం నిరోధం యాభై ఓములు అనుకొందాము. అప్పుడు తీగవలన స్వరం తగ్గనారంభించేది సెకనుకు మూడు కోట్ల కంపనాలకు పైన. మానవుని చెవి, అదియును పడుచువాని చెవి, వినగలిగేది ఇరవైవేల కంపనాల వరకే. వాన హోరు మూడువందల గంటలు పోసినందువలన ఈ అంకెలు పదవ వంతు మారినవనుకొన్నా, ఆ మార్పు వినుటకు గబ్బిలం చెవి కూడ చాలదు.

రాగిలో మార్పే రాదా అంటే, వస్తుంది. కంసాలి కమ్మచ్చులో తీగను సాగదీసినప్పుడు అది బిరుసెక్కుతుంది. కుంపటిలో కాల్చితే మరల మెత్తబడుతుంది. కాని దానికి వందల డిగ్రీల వేడి కావలెను. హెడ్‌ఫోను తీగలో పారే విద్యుత్తు ఆంపియరులో వేయవ వంతులతో లెక్కించదగినది. అది తీగను చేతికి తెలిసేటంతయైనా వెచ్చబరచదు.

నిజంగా కాగబెట్టి సాధించిన తీగ చరిత్రలో ఒకటి కలదు. 1956 సెప్టెంబరు 25న స్కాట్లండుకును న్యూఫౌండ్లాండుకును నడుమ మొదటి అట్లాంటిక్ టెలిఫోను తీగ ప్రారంభమైనది. పోను ఒకటి, రాను ఒకటిగా రెండు తీగలు. ఒక్కొక్కదానిలో 51 చోట్ల, స్వరం క్షీణించకుండా మరల బలమిచ్చే పరికరాలను తీగలోనే ఇమిడ్చి సముద్రంలోకి దింపినారు. ఒక్కొక్క పరికరంలో మూడు వాల్వులు. రెండు మైళ్ళ లోతున వాల్వు మాడితే మార్చుటకు వెళ్ళేదెవరు? కాబట్టి వాటిని వేల గంటలు వెలిగించి, పరీక్షించి, ఏ కొంచెం సందేహమున్నా తీసివేసి, మిగిలినవానినే ఎంచుకొన్నారు. 1978లో ఆ తీగ సేవనుండి విరమించే దాకా, 22 సంవత్సరాలలో, 306 వాల్వులలో ఒక్కటియును పోలేదు. ఇది చదివినప్పుడెల్ల మాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఐనను ఇక్కడ కాగినది రాగి కాదని, వాల్వులని, అదియును ఏరివేయుట కొరకేనని మరల చెప్పక తప్పదు.

న్యాయం చెప్పవలెనంటే, కాగబెట్టువారి పక్షాన కూడ ఒక సత్యమున్నది. అది లౌడ్ స్పీకరుది. 1925లో అమెరికాలో ఛెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అను ఇరువురు ప్రకటించిన పద్ధతియే నేటికీ మన ఇండ్లలో పలుకుచున్నది: అయస్కాంతం నడుమ తీగచుట్ట, దానికి అతికిన కాగితపు గరాటు. ఆ గరాటును నడిమికి పట్టి ఉంచుటకు జిగురుపూత వేసి ముడుతలు పెట్టిన గుడ్డ ఒకటి వెనుక ఉంటుంది. కొత్తలో ఆ గుడ్డ గంజి పెట్టిన పంచెవలె బిరుసుగా ఉంటుంది. కొంతసేపు బలంగా మ్రోగినంతనే సడలుతుంది, గరాటు సహజ కంపనసంఖ్య కొంత దిగుతుంది. ఇది కొలతకు అందే విషయం. ఐతే ఈ సడలింపులో అధికభాగం మొదటి నిమిషాలలో, గంటలలో తీరిపోతుంది గాని మూడువందల గంటలు సాగదు. 1954లో ఎడ్గర్ విల్చర్ పూర్తిగా మూసిన పెట్టెలో గాలినే స్ప్రింగుగా వాడే స్పీకరును తెచ్చినప్పటినుండి, ఆ రకం పెట్టెలలో గుడ్డ బిరుసుకు ప్రాముఖ్యం ఇంకా తగ్గినది. గాలికి కొత్తా పాతా లేదు గదా.

హెడ్‌ఫోను వంశం వేరు. 1910లో అమెరికా నౌకాదళానికి నాథానియల్ బాల్డ్విన్ తన వంటయింటిలో చేసి పంపినవి, 1924లో మదరాసులో ఔత్సాహికుల క్లబ్బు రేడియో ప్రసారం మొదలిడిన కాలంలో గాలేనా స్ఫటికపు సెట్లకు తగిలించుకొని విన్నటువంటివి, ఇనుము కంపించే రకానివి. 1937లో బెర్లినులో బేయర్ సంస్థ తీగచుట్ట పద్ధతిని చెవికి తెచ్చినది. 1958లో మిల్వాకీలో జాన్ కాస్ రెండు చెవులకు రెండు వేరు స్వరాలు అందించే హెడ్‌ఫోనును ఇంటింటి వస్తువుగా చేసినాడు. 1968లో జర్మనీలోని సెన్‌హైజర్ వారు వెనుక తెరచి ఉన్న తేలిక రకాన్ని తెచ్చినారు. నేటి హెడ్‌ఫోనులో అధికభాగం వెంట్రుక కంటె పలుచనైన ప్లాస్టిక్ పొర మీద పలుకుచున్నవి. అందులో పెద్ద స్పీకరుకు ఉండే ముడుతల గుడ్డ లేదు. సడలవలసిన వస్తువే అంతంతమాత్రం. మరి వారాల తరబడి వాడిన హెడ్‌ఫోను వేరుగా వినిపించినదంటే కారణమేమి? దానికి వచ్చే ముందు నమ్మకం గురించి ఒక మాట.

1915 మొదలు ఓ పదేండ్ల పాటు ఎడిసన్ కంపెనీవారు ఊరూరా ఒక వింత ప్రదర్శన ఇచ్చినారు. రంగస్థలం మీద గాయని పాడుతుంది, పక్కన ఆమె పాడిన రికార్డు తిరుగుతూ ఉంటుంది. నడుమ దీపాలు ఆర్పివేస్తారు. దీపాలు వెలిగేసరికి గాయని అక్కడ లేదు, పాట మాత్రం సాగుతున్నది. ఎప్పుడు వెళ్ళినదో ఎవరూ కనిపెట్టలేకపోయినారని ప్రకటనలు వెలువడేవి. నేడు ఆ రికార్డు వింటే తగరపు డబ్బాలో పాడినట్లుంటుంది. తమ గొంతును యంత్రం గొంతుకు అనుగుణంగా మలచుకొని పాడినామని అన్నా కేస్ అనే గాయని తరువాతి కాలంలో ఒప్పుకొన్నది. శ్రోతలు మోసపోయినవారు కారు, వినదలచినదే విన్నవారు.

ఈ బలహీనతకు మందు కనిపెట్టినది బెల్ టెలిఫోను ప్రయోగశాల. 1950లో అక్కడి మన్సన్, గార్డనర్ అనువారు మూడు ధ్వనులు వినిపించి, మూడవది మొదటి రెండింటిలో ఏదని అడిగే పద్ధతిని వివరించినారు. 1979లో నోయెల్ లీ అమెరికాలో లావుపాటి స్పీకరు తీగలకు గొప్ప వ్యాపారం కల్పించిన పిమ్మట, 1983లో ఒక ప్రసిద్ధ అమెరికన్ సంగీతయంత్రాల పత్రిక ఆ తీగలను ఇదే మాదిరి పరీక్షకు పెట్టినది. మరీ సన్నని తీగను శ్రోతలు పోల్చుకొన్నారు. దాని నిరోధంవలన ధ్వని తగ్గుటయే కారణం. తగినంత లావున్న మామూలు తీగను, ఖరీదైన తీగను సంగీతంలో పోల్చుకొనలేకపోయినారు. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనువారు 40 మందికి నాలుగు స్పీకర్లను ఒకసారి తెర చాటున, ఒకసారి కంటి ఎదుట వినిపించినారు. కన్ను తెరచినంతనే మార్కులు మారిపోయినవి.

వాద్యకారుల చెవి ఇంకా పదునైనది గదా అని మాకు కూడ అనిపించినది. పనస దుంగలో తొలచిన బొబ్బిలి వీణె ఏండ్లు గడిచిన కొలది పండుతుందని మా కేంద్రానికి వచ్చే వైణికురాలు ఒకరు దృఢంగా చెబుతారు. చెక్క చెమ్మ వదలి మారుతుంది గనుక ఆ మాటను మేము కాదనము. ఐనను 2010లో ఇండియానాపొలిస్‌లో 21 మంది వయొలినిస్టులకు నల్ల కళ్ళద్దాలు పెట్టి, స్ట్రాడివారి మొదలగువారి పాత వాద్యాలు మూడు, కొత్తవి మూడు ఇచ్చినప్పుడు, పలువురు ఇంటికి తీసుకొనిపోవుటకు కొత్తదానినే కోరినారు.

ఇక మా గదిలో జరిగిన ముచ్చట. మా కేంద్రంలోని యువ ఇంజినీరు ఒకరు నెల జీతమంత వెల గల తీగ కొనుటకు సిద్ధమైనారు. ఇంట పసిబిడ్డ. వారించబోతే, "మీరే వినండి సార్, రెండేండ్లు కాగినదానికీ కొత్తదానికీ తేడా లేదంటారా?" అని అనౌన్సర్లు వాడే హెడ్‌ఫోనును, బీరువాలో విప్పని అదే రకం కొత్తదానిని తెచ్చినారు. వారి కండ్లకే తువాలు కట్టి, నాణెం ఎగురవేసి ఏది పెట్టేదీ నిర్ణయించినాము. పదహారు మార్లలో పద్నాలుగు మార్లు సరిగా చెప్పినారు! మేము కొంత చిన్నబుచ్చుకొన్నామని దాచనేల? తరువాత ఆలోచన తట్టి, రెండింటి చెవిమెత్తలను ఊడదీసి ఒకదానివి ఇంకొకదానికి మార్చినాము. ఈమారు ఆయన కొత్తదానినే పదమూడు మార్లు "ఇదిగో, ఇది పండిన గొంతు" అన్నారు. అణగిన మెత్త చెవికి దగ్గరగా అతుక్కొంటుంది, సందులు పూడి మంద్రం నిండుతుంది. చెవి కంటె ముందు చెంపయే మెత్తదనాన్ని పసిగట్టినదేమో కూడ. అందుచేత రెండింటికీ ఒకే రకం కొత్త మెత్తలు తొడిగి మరల పరీక్షించినాము. పదహారింటిలో తొమ్మిది వచ్చినది. తీగలు మార్చి చూస్తే ఎనిమిది. నాణెం తనంతట తాను చెప్పినా అంతే వచ్చేది. ఒక గదిలో ఒక మనిషి మీద జరిగినదానిని శాస్త్రమని మేము చెప్పము. ఆయన మాత్రం తీగ కొనలేదు.

ఒక్క హెచ్చరిక. కాగబెట్టుటకై పెద్ద ధ్వనితో మ్రోగించి, దానినే చెవికి తగిలించుకొని పనులు చేసుకొనువారున్నారు. వారానికి నలభై గంటలు 80 డెసిబెళ్ళకు మించరాదని 2019లో ప్రపంచ ఆరోగ్యసంస్థ హద్దు పెట్టినది. లోపలి చెవిలో పోయిన కణం మరల మొలవదు.

ఉపాధ్యాయులవారికి ఈ విధంగా జవాబు వ్రాసినాము: "అయ్యా, పాత కచేరీ ఏదైనా రెండు చెవులకూ ఒకే స్వరం వచ్చేది ఎంచుకొనండి. హెడ్‌ఫోనును తిరగవేసి, ఎడమ దొప్పను కుడి చెవికి పెట్టుకొనండి. మృదంగం సన్నదనం కుడి చెవికి మారితే లోపం మీది కాదు. ఎడమ చెవిలోనే నిలిచిపోతే వైద్యుని చూడండి. వేరొక యంత్రానికి తగిలించి కూడ ఒకసారి చూచుట మంచిది." వారం తిరుగకుండానే జవాబు వచ్చినది. సన్నదనం కుడి చెవికి మారినదట; మనుమని ఫోనుకు తగిలించి చూచినా అంతేనట. గడువు దాటినది వాపసుకే గాని గ్యారంటీకి కాదని మేము జ్ఞాపకం చేసినాము. ఆ కాగితం ఇంట్లో ఎక్కడ పెట్టినదీ వెతుకుతున్నానని, దొరకగానే దుకాణానికి వెళ్తానని ఆయన కార్డు వ్రాసినారు.